తుపాకి దుర్భిణిలో లంబన దోషము
(ప్రసంగ పాఠము)



ముల్లు త్రిప్పి స్టేషను పట్టుకొను పాత రేడియో పెట్టె ఇంట నున్నవారికి ఒక చిన్న తగవు జ్ఞాపకము ఉండును. పడకకుర్చీలో ఎదురుగా కూర్చున్న తండ్రికి ముల్లు సరిగా అంకెమీదనే నిలిచినట్లు కానవచ్చును. పెట్టె ప్రక్కన నిలిచి మర త్రిప్పుచున్న కుమారునకు అది అంకె దాటిపోయినట్లు కానవచ్చును. ముల్లు ఒక్కటే, అంకెల పలకయు ఒక్కటే. అయినను ఇద్దరికి రెండు తీరులుగా కానవచ్చినది. ఇద్దరిలో ఎవరును అబద్ధమాడలేదు. ముల్లునకును పలకకును నడుమ కొద్దిపాటి ఎడము ఉన్నది. ఆ ఎడమే తగవునకు మూలము. ముల్లు పలకకు అంటియున్నచో ఏ మూలనుండి చూచినను ఒక్క అంకెయే కానవచ్చును.

చూచువాని స్థానము మారినపుడు దగ్గరి వస్తువు దూరపు వస్తువుమీద జరిగినట్లు కానవచ్చుటను ఆంగ్లమున పారలాక్స్ అందురు. మన జ్యోతిష సిద్ధాంత గ్రంథములలో గ్రహణ గణితము చేయువారు దీనిని లంబనము అనిరి. భూమి కేంద్రము నుండి చూచినట్లు లెక్కించిన చంద్రుని స్థానమునకును, భూమి మీద నిలిచిన మనకు కానవచ్చు స్థానమునకును భేదము కలదు. ఆ భేదమును సవరించనిదే సూర్యగ్రహణము చెప్పిన ఘడియకు పట్టదు. ఈ లంబనమునే ఆధారము చేసికొని 1838లో జర్మను ఖగోళవేత్త బెస్సెల్ హంసమండలములోని ఒక చిన్న నక్షత్రము దూరమును కొలిచెను. ఆ నక్షత్రము నుండి వెలుగు మనకు చేరుటకు సుమారు 11 సంవత్సరములు పట్టును.

ఆకాశమున ఇంతటి ఉపకారము చేసిన లంబనము భూమిమీద ఒకచోట దోషముగా పరిణమించును. ఆ చోటు తుపాకిమీది దుర్భిణి. నేటి మా ప్రసంగము దానిని గూర్చియే.

మన దేశమున వేట మాట యెందుకని శ్రోతలు అడుగవచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1991లో వచ్చిన సవరణయు ఏర్పడిన పిమ్మట మన అడవులలో వినోదమునకై వేటాడుట నేరము. అది అట్లే ఉండుట మేలు. కాని మన పిల్లలు నేడు అన్ని దేశములలోను ఉన్నారు. మా మేనల్లుడొకడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. ఆ దేశమున తెల్లతోక దుప్పి యను జాతి అన్ని రాష్ట్రములకంటె టెక్సాస్‌లోనే అధికముగా కలదు. అచట దుప్పివేట చట్టబద్ధము. దానికి ఋతువు కలదు, లైసెన్సు కలదు. సూర్యోదయమునకు అరగంట ముందునుండి సూర్యాస్తమయము తరువాత అరగంట వరకు మాత్రమే కాల్చవలెనను నియమము కలదు. 1971 సెప్టెంబరు 2వ తేదీనాడు గాని ఆ తరువాత గాని పుట్టినవారు వేటగాండ్రకు నేర్పు పాఠములు చదివి ఉత్తీర్ణులు కావలెనని సామాన్య నియమము. మన రైతులు జొన్నచేనిలో కట్టు మంచెవంటిదే అచట చిన్న గదివలె కట్టి, దాని కిటికీనుండి కాల్చుదురు.

మా మేనల్లుడు ఆ పాఠములు చదివినాడు, లైసెన్సు పొందినాడు, ఒక మిత్రునితో గూడి మంచె యెక్కినాడు. ఒకనాటి రాత్రి అతడు మాకు టెలిఫోను చేసెను. కంఠము వేరుగా ఉన్నది.

"మామయ్యా, దుర్భిణిలో గీతల కూడలి సరిగ్గా దాని భుజం వెనకే ఉంది. నేను చూశాను. గుండు మాత్రం పొట్టలోకి పోయింది. అది పరుగెత్తింది. రెండు గంటలు టార్చిలైట్లు పట్టుకుని వెతికాం. దొరికేసరికి ఇంకా ప్రాణం ఉంది."

తరువాత ఏమైనదో మేము అడుగలేదు. రెండవ గుండు ఆ మిత్రుడు పేల్చెనట.

"ఇక్కడివాళ్లు పారలాక్స్ వల్ల అంటున్నారు. మీరు ఫిజిక్సు చదువుకున్నారు కదా, నిజమేనా?"

"దూరం ఎంత?"

"నూటయాభై గజాలు. యంత్రంతో కొలిచాను."

"ఆ దుర్భిణికి ప్రక్కన మర ఉంటుందే, దూరాల అంకెలు వేసి ఉన్నది, అది ఏ అంకె మీద ఉంది?"

కొంతసేపు మాట లేదు.

"ఇరవై అయిదు మీద. ముందురోజు తుడుస్తూ తిప్పాను. మళ్లీ వెనక్కి తిప్పలేదు."

ఆ రాత్రి అతనికి మేము చెప్పిన సమాధానమును, పిమ్మట కాగితముమీద లెక్కకట్టి పంపిన సమాధానమును కలిపి శ్రోతలకు నివేదించుచున్నాము.

దుర్భిణిలో గీతలు వచ్చిన కథ ముచ్చటైనది. 1611లో కెప్లర్ రెండు కుంభాకార కటకములతో దుర్భిణి నిర్మించు విధమును వివరించెను. సుమారు 1640 ప్రాంతమున ఇంగ్లండులోని యార్క్‌షైరు వాసియగు విలియం గాస్కోయిన్ అను యువకుని దుర్భిణిలో ఒక సాలెపురుగు దారము కట్టినది. ఆ దారము సరిగా కటకము నాభివద్దనే ఉండుటచేత, దూరపు వస్తువును దారమును ఏకకాలమున స్పష్టముగా కానవచ్చినవి. వస్తువుమీదనే గీత గీచినట్లుండెను. ఆనాటినుండి దుర్భిణి కేవలము చూచు సాధనము గాక గురిచూచు సాధనమును, కొలుచు సాధనమును అయినది. పాప మా యువకుడు 1644లో మార్‌స్టన్ మూర్ యుద్ధమున మరణించెను.

దారము సరిగా నాభివద్ద ఉండుట అను మాటలోనే మన విషయమంతయు ఇమిడియున్నది. దుర్భిణి ముందుభాగమున వస్తుకటకము ఉండును. అది దూరమున నున్న దుప్పి యొక్క చిన్న ప్రతిబింబమును గొట్టములోపల ఏర్పరచును. ఆ ప్రతిబింబమును మనము అక్షికటకము ద్వారా పెద్దదిగా చూతుము. ప్రతిబింబము పడుచోటనే గురిగీతలు ఉన్నచో, గీతలు ప్రతిబింబమునకు అంటించినట్లు ఉండును; కన్ను కదలినను గీత కదలదు. కాని వస్తువు దూరమును బట్టి ప్రతిబింబము స్థానము మారును. మిక్కిలి దూరపు వస్తువు ప్రతిబింబము నాభివద్ద పడును. వస్తువు దగ్గరకు వచ్చిన కొలది ప్రతిబింబము వెనుకకు, అనగా కంటివైపునకు జరుగును. గీతలు మాత్రము కదలక తమచోటనే ఉండును. కావున ఏదో ఒక్క దూరమునకు మాత్రమే గీతలును ప్రతిబింబమును కలియును. తక్కిన దూరములన్నింటికి నడుమ ఎడము ఉండును. రేడియో ముల్లునకును పలకకును ఉన్న ఎడము వంటిదే యిది.

సామాన్యమైన వేట దుర్భిణులలో ఈ ఒక్క దూరమును తయారుచేయువారే నిర్ణయింతురు. పెద్ద తూటా రైఫిళ్లకు 100 గజములనో 150 గజములనో, చిన్న ఇరువది రెండు రైఫిళ్లకు 50 గజముల ప్రాంతమునో పెట్టుదురు. ఖరీదైన దుర్భిణులలో ఆ దూరమును మార్చుకొను వసతి కలదు. కొన్నింటికి ముందుభాగమున వస్తుకటకము చుట్టు ఉంగరమువంటి చక్రము ఉండును. మరికొన్నింటికి ఎడమ ప్రక్కను మర ఉండును, అది లోపలి కటకము నొకదానిని ముందువెనుకలకు జరుపును. రెండింటి పనియు ఒక్కటే: గురి ఎంత దూరమున నున్నను దాని ప్రతిబింబమును తెచ్చి గీతలమీద కూర్చుండబెట్టుట.

ఎడము ఉన్నదా లేదా యని తెలిసికొనుట ఎట్లు? ఇది మేము బి.ఎస్‌సి. చదివిన దినములలో ప్రయోగశాలలో గుండుసూదులతో చేసిన ప్రయోగమే. కటకము ముందు ఒక సూది, వెనుక ఒక సూది. తలను అటునిటు ఊపుచు, ప్రతిబింబమును సూదియు ఒకదాని నొకటి విడువక కలిసి కదలు వరకు సూదిని జరుపవలెను. అపుడు మాస్టరుగారు చెప్పిన సూత్రము ఒకటి: దూరముగా నున్నది కన్నుతోపాటు కదలును, దగ్గరగా నున్నది కన్నునకు ఎదురు కదలును. రైలులో కూర్చుండి చూచినపుడు టెలిగ్రాఫు స్తంభములు వెనుకకు పరుగెత్తుటయు, దూరపు కొండ మనతో వచ్చుటయు ఈ సూత్రమే. మా మేనల్లుడును తన కళాశాలలో ఈ ప్రయోగము చేసినవాడే, రికార్డు వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాడే. ఆ సూదులే తుపాకిమీదికి వచ్చినవని అతనికి తోచలేదు.

ఈ సూత్రమును దుర్భిణికి వర్తింపజేసిన ఫలము ఇది. తుపాకిని కదలనీయక కన్నును మాత్రము కొద్దిగా క్రిందికి మీదికి ఊపినపుడు, గీత కన్నుతోపాటు గురిమీద కదలినచో, గురి మర చూపు దూరముకంటె దగ్గరగా నున్నదని అర్థము. మరను దగ్గరి అంకెల వైపునకు త్రిప్పవలెను. గీత కన్నునకు ఎదురు కదలినచో, గురి మర చూపు దూరముకంటె దూరముగా నున్నది. దూరపు అంకెల వైపునకు త్రిప్పవలెను. గీత కదలనే కదలనిచో లంబనము లేదు.

ఇక దోషము ఎంత అను ప్రశ్న. దీనికి సదృశ త్రిభుజముల లెక్క చాలును. వస్తుకటకము వ్యాసము 40 మిల్లీమీటర్లు అనుకొందము. కన్ను ఎంత ప్రక్కకు ఒరిగినను ఆ కటకము అంచుకంటె వెలుపలినుండి చూడజాలదు. కావున నడిమినుండి మిక్కిలి తొలగినచో 20 మిల్లీమీటర్లు. మర పెట్టిన దూరమునకును గురి ఉన్న దూరమునకును గల భేదమును, మర పెట్టిన దూరముచేత భాగించి, ఆ 20 చేత గుణించినచో గరిష్ఠ దోషము వచ్చును.

దుర్భిణి 100 గజములకు బిగించి ఉన్నదనుకొనుడు. గురి 150 గజములలో నున్నచో దోషము 10 మిల్లీమీటర్లు. 200 గజములలో 20. 300 గజములలో 40. 500 గజములలో 80. ఇవన్నియు కన్ను అంచువరకు తొలగినపుడు కలుగు మాటలు. సగము తొలగినచో సగమే. దుప్పి గుండెయు ఊపిరితిత్తులును ఉండు భాగము సుమారు 8 అంగుళముల వెడల్పు, అనగా 200 మిల్లీమీటర్లు. అందులో 10 మిల్లీమీటర్ల దోషము లెక్కింపదగినది కాదు. కావుననే ఏ మరయు లేని సాదా దుర్భిణితో 200 గజములలోపల దుప్పిని వేటాడువారు లంబనమును గూర్చి బెంగగొన నక్కరలేదు. ఆ దూరములో గుండు తప్పినచో లంబనముమీద నెపము వేయక, ట్రిగ్గరు నొక్కిన తీరును పరీక్షించుకొనుట న్యాయము.

ఇట్లయిన మా మేనల్లుని నెపమును చెల్లదనవలసి యుండును. కాని అతని దుర్భిణి సాదాది కాదు. ప్రక్కమర ఉన్నది, ఆ మర 25 మీద ఉన్నది. ఇప్పుడు లెక్క కట్టుడు. గురి 150, మర 25, భేదము 125. దానిని 25 చేత భాగించిన 5. ఇరువది మిల్లీమీటర్లకు ఐదు రెట్లు 100 మిల్లీమీటర్లు, అనగా సుమారు నాలుగంగుళములు. మర లేని చౌక దుర్భిణిలో 10 మిల్లీమీటర్లు మాత్రమే కాదగిన దోషము, ఖరీదైన దుర్భిణిలో పదిరెట్లు అయినది. సవరించుకొను అధికారము ఇచ్చిన పరికరము చెడగొట్టుకొను అధికారమును ఇచ్చినది. ఈ సంగతి ఆ దుర్భిణి కొనువారిలో ఎందరు తలపోయుదురో!

మరి అంత తప్పుగా నున్న మర దుప్పిని మసకగా చూపవలదా యని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. ఎక్కువ రెట్లు పెట్టియున్నచో తప్పక మసకగా కనబడును. పది రెట్లలో ఆ మసకను ఎవరును సహింపలేరు. కాని అతడు మంచెలో నుండుటచేత నాలుగు రెట్లకే పెట్టుకొన్నాడు. నాలుగు రెట్లలో ఆ మసక స్వల్పము. పడుచుకన్ను తనంతట తానే సర్దుకొనును. కన్ను చేయు ఈ ఉపకారమే అచట అపకారమైనది. మసక కనబడియున్నచో అతడు మరవైపు చూచియుండును.

ఇంకొక సంగతి. నాలుగు రెట్ల దుర్భిణిలో కన్ను ఒక మిల్లీమీటరు తొలగినచో, వస్తుకటకముమీద నాలుగు మిల్లీమీటర్లు తొలగిన దానితో సమానము. దుప్పి కిటికీ మూలకు రాగా అతడు కుడిచెంపను తుపాకి కఱ్ఱకు పూర్తిగా ఆనింపక ఎడమకు ఒరిగి చూచెనట. కన్ను మూడు మిల్లీమీటర్లు ఒరిగినదనుకొన్నను, పండ్రెండు. దానికి ఐదు రెట్లు అరువది మిల్లీమీటర్లు, అనగా రెండంగుళముల పైచిలుకు. గురి మర దూరముకంటె దూరముగా నున్నది గనుక గీత కన్నునకు ఎదురుగా కుడికి జరిగి కనబడును. ఆ గీతను భుజము వెనుకకు తెచ్చుటకు అతడు తుపాకిని ఎడమకు త్రిప్పియుండును. దుప్పి కుడివైపునకు ముఖము పెట్టి నిలిచినది. ఎడమ ప్రక్క నున్నది దాని పొట్ట.

అయినను మేము అతనికి పూర్తిగా విడుదల ఇయ్యలేదు. గుండు తగిలినచోటు గురికి ఆరంగుళములు వెనుక ఉన్నదని అతడే చెప్పెను. రెండంగుళముల దోషములో ఆరంగుళములు పుట్టవు. తక్కినది తొందరపాటుది, కుదురులేని కూర్పుది, మాటుమణుగుచున్న వెలుతురుది. "పారలాక్సుది రెండంగుళాలు, మిగతా నాలుగు నీవి" అని వ్రాసితిమి. అతడు కోపగించుకొనలేదు.

ఇట్టి దోషము రాకుండ చేయవలసిన విధమును క్రమముగా చెప్పుదుము.

మొట్టమొదట తుపాకినుండి తూటాలు తీసివేసి, బోల్టు వెనుకకు లాగి, లోపల ఏమియు లేదని కంటితోను వ్రేలితోను నిశ్చయించుకొనవలెను. గొట్టము నిరపాయమైన దిక్కునకే ఉండవలెను. తుపాకి దుర్భిణితో మనుష్యులను గాని ఇండ్లను గాని చూచుట ఎన్నడును తగదు; చూడవలసినచో విడి దుర్భిణి ఉన్నది.

పిమ్మట అక్షికటకము. దీనిని మరతో పొరబడువారు చాలమంది కలరు. అక్షికటకమును త్రిప్పుట గీతలు మన కన్నునకు స్పష్టముగా కనబడుటకు మాత్రమే. సూర్యుడు లేని దిక్కున ఆకాశమును గాని తెల్లని గోడను గాని చూచుచు, చూచిన మొదటి క్షణమున గీతలు నల్లగా, సన్నగా కనబడునట్లు త్రిప్పవలెను. ఎక్కువసేపు తేరిపార చూడరాదు. చూచినచో కన్ను సర్దుకొని మోసపుచ్చును. కండ్లజోడు పెట్టుకొని కాల్చువారు కండ్లజోడుతోనే ఈ పని చేయవలెను. ఒకసారి కుదిరిన పిమ్మట దానిని మరల ముట్టరాదు. ఈ మొదటిమెట్టు తప్పినచో తరువాతి మెట్టులన్నియు తప్పును. బొమ్మ స్పష్టముగా కనబడుచున్నను లంబనము మిగిలియే ఉండును.

తరువాత తుపాకిని ఇసుకసంచులమీద కదలకుండ ఉంచి, దూరము తెలిసిన గురిని చూడవలెను. దుర్భిణిని ఎక్కువ రెట్లకు పెట్టవలెను, దోషము అచట స్పష్టముగా బయటపడును. ప్రక్కమరను త్రిప్పి గురిని స్పష్టపరచుకొనవలెను. ఆపైన తుపాకిని తాకక, అవుననునట్లు తలను కొద్దిగా పైకి క్రిందికి ఆడించి, ముందు చెప్పిన సూత్రము చొప్పున గీత కదలిక పూర్తిగా ఆగువరకు మరను సవరించవలెను. మరలలో కొద్దిగా సందు ఉండును గనుక ఎల్లప్పుడు దూరపు అంకెనుండి దగ్గరి అంకెవైపునకే త్రిప్పుకొని వచ్చుట మంచి అలవాటు.

కదలిక ఆగినచోట మరమీద 100 అని ఉండవలసినది 120 అని ఉండవచ్చును. దీనికి కలవరపడ నక్కరలేదు. ఆ అంకెలు దారి చూపుటకే గాని సాక్ష్యము చెప్పుటకు కాదు. సాక్షి గీత కదలికయే. ఒక చిన్న కాగితపు పట్టీ అంటించి, తాను కనుగొన్న 50, 100, 200 గజముల గుర్తులను తానే వ్రాసికొనుట వివేకము.

వేటలో ఇంత తీరిక ఉండదు. మంచె యెక్కునపుడే, దుప్పులు వచ్చుటకు వీలున్న దూరమును కొలిచి, మరను అచట పెట్టి వదలివేయవలెను. జంతువు ఎదుట నిలిచినపుడు మరతో ఆడరాదు. అపుడు చేయవలసినది ఒక్కటే. కన్ను దుర్భిణి నడిమి అక్షముమీద ఉన్నంతసేపు మర ఏ అంకెమీద నున్నను లంబనము సున్న. కన్ను తొలగినపుడే దోషము. కావున చెంపను ప్రతిసారియు కఱ్ఱమీద ఒక్కచోటనే ఆనించు అభ్యాసము కావలెను. కన్ను నడుమ నున్నదని తెలియుటకు గుర్తు ఒకటి కలదు. కన్ను ప్రక్కకు జరిగినచో దుర్భిణి అంచున ఒక ప్రక్క నెలవంకవంటి నల్లని నీడ కనబడును. ఆ నీడ చుట్టును సమముగా పోవువరకు తలను సర్దుకొని, అటుపిమ్మటనే ట్రిగ్గరుమీద వ్రేలు వేయవలెను.

లంబనము నిజముగా అపరాధియగు చోట్లు రెండు. ఒకటి మిక్కిలి దగ్గర, రెండవది మిక్కిలి దూరము. అమెరికాలో ఇరువది రెండు రైఫిలుతో ఉడుతలను వేటాడుదురు. 100 గజములకు బిగించిన దుర్భిణితో 25 గజములలోని ఉడుతను చూచినచో దోషము 15 మిల్లీమీటర్లు కావచ్చును. ఉడుత తలయే అంగుళము పైచిలుకు మాత్రము. గాలితుపాకితో 10 గజములలో కాల్చువానికి 18 మిల్లీమీటర్లు. దూరపు గురులకు దోషము ఎట్లు పెరుగునో ముందే చెప్పితిమి. ఈ రెండు చోట్లను మర ఉన్న దుర్భిణి అలంకారము కాదు, అవసరము.

మన రాష్ట్రములలో ఊళ్లలోనికి వచ్చిన చిరుతను, ఎలుగుబంటిని అటవీశాఖవారు మత్తుసూది తుపాకితో నిద్రపుచ్చి పట్టుకొనుట పత్రికలలో చదువుచున్నాము. ఆ సూది పోవలసినది కొన్ని పదుల గజములే. అట్టి తుపాకికి దుర్భిణి ఉన్నచో, దానిని 100 గజములకు బిగించినది కాక దగ్గరి దూరములకు సవరింపదగినదిగా చూచుకొనవలెను. తొడ కండలో దిగవలసిన సూది ఎముకకో కంటికో తగులుట ఎవరికిని సమ్మతము కాదు.

తుపాకి ముఖమే చూడనివారికి ఈ ప్రసంగముతో ఏమి పని? సర్వేచేయు ఇంజనీరు థియొడొలైటులో కన్నుపెట్టినపుడు మొదట గీతలను, పిమ్మట గురిని స్పష్టపరచుకొని తల ఆడించి చూచును. చూడనిచో కాలువ కొలత తప్పును. ప్రయోగశాలలో విద్యుత్తు కొలుచు మంచి సాధనములలో ముల్లు క్రింద అద్దపు పట్టీ ఉండును; ముల్లు తన ప్రతిబింబమును కప్పివేయునట్లు చూచినపుడే అంకె చదువవలెను. ఇంటిలో పసిబిడ్డకు జ్వరమువచ్చి కొలపాత్రలో మందు పోయు తల్లియు ఇట్టి గీతనే చదువుచున్నది. పాత్రను క్రింద పెట్టి పైనుండి వంగి చూచినచో మందు మట్టము ఒక గీతవద్ద, కంటి యెత్తున ఉంచి చూచినచో వేరొక గీతవద్ద కనబడును. బల్లమీద సమముగా ఉంచి, తాను వంగి, కన్నును గీత యెత్తునకు తెచ్చి చూచుటయే సరియైనది. రాత్రిపూట నిద్రమత్తులో ఈ ఒక్కమాట జ్ఞాపకముంచుకొన్నను మా శ్రమ ఫలించినట్లే.

మా మేనల్లుడు మరుసటి ఋతువున మరల మంచె యెక్కెను. మరమీద కాగితపు పట్టీ అంటించుకొన్నాడట. ఒకనాడు రాత్రి మరల టెలిఫోను వచ్చెను. ఏమైనదోయని మేము కొంచెము భయపడితిమి.

"ఇవాళ మంచి దుప్పి వచ్చింది మామయ్యా. మూడువందల గజాలు ఉంటుంది. వెలుతురు పోతోంది. దుర్భిణిలో నీడ ఒక ప్రక్కనే ఉంది, తల ఎంత సర్దుకున్నా కుదరలేదు."

"అయితే?"

"కాల్చలేదు. తూటాలు తీసేసి దిగి వచ్చేశాను. అది మేస్తూనే ఉంది."

మంచి పని చేసితివని అతనితో చెప్పి టెలిఫోను పెట్టివేసితిమి. ఆ రాత్రి మాకు సుఖముగా నిద్రపట్టినది.